పేదవాడి రొట్టె, రాణిగారి పేరు

ఆడపిల్లకి పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి. వంటకాల సంగతి అలా కాదు. పుట్టిల్లు ఒకటే అయినా అత్తవారిళ్ళు మాత్రం ఊరికొకటి. వెళ్ళిన చోటల్లా ఆ ఇంటి కట్టూ బొట్టూ నేర్చుకుంటుంది. కొన్నాళ్ళకి ఆ ఇంటివాళ్ళు "ఇది మా పిల్లే" అంటారు. పుట్టింటివాళ్ళు చూసి "అయ్యో, మా పిల్ల ఇలా అయిపోయిందేమిటమ్మా!" అని బుగ్గలు నొక్కుకుంటారు. పిజ్జా చరిత్ర చదివితే సరిగ్గా ఇదే కథ.

మన ఊళ్ళలో పిజ్జా అంటే అట్టపెట్టెలో స్కూటరు మీద వచ్చే వస్తువు. పిల్లలు దాన్ని అమెరికా వంటకం అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. 1996లో ఒక అమెరికా కంపెనీ ఢిల్లీలోనూ, ఇంకొకటి బెంగుళూరులోనూ దుకాణాలు తెరిచాకనే మన దేశంలో పిజ్జా ఇంటింటి మాట అయింది. అంటే నేపుల్స్‌లో పుట్టిన పిల్ల అమెరికాలో కాపురం చేసి, అక్కడి నగా నాణ్యంతో మన గడప తొక్కిందన్నమాట. ఖరీదు చూసి మనం దాన్ని కలవారి తిండి అనుకున్నాం. అసలు సంగతేమిటంటే, ఇంట్లో వంటగదే లేనివాళ్ళు తిని బతికిన తిండి అది.

పిజ్జా అనే మాట మహా పాతది. ఇటలీలో గయేటా అనే ఊళ్ళో క్రీస్తుశకం 997లో రాసిన ఒక లాటిన్ దస్తావేజులో ఉంది. కౌలుదారు బిషప్పుగారికి క్రిస్‌మస్‌కి పన్నెండు పిజ్జాలు, ఈస్టరుకి పన్నెండు పిజ్జాలు సమర్పించుకోవాలని షరతు. మన జమీందారుల కాలంలో పండక్కి నేతి కుండలూ అరటి గెలలూ పట్టుకెళ్ళేవారే, అలాంటిదే. అయితే ఆ పిజ్జాల మీద టమాటా ముక్క ఒక్కటి కూడా ఉండేది కాదు. ఎలా ఉంటుంది? టమాటా అమెరికా ఖండంలో పుట్టిన కాయ. స్పెయిన్ వాళ్ళ ఓడలెక్కి పదహారో శతాబ్దంలో గాని యూరపు ముఖం చూడలేదు. వచ్చాక కూడా చాలాకాలం దాన్ని విషపుకాయ అని పెరట్లో అందానికి పెంచుకున్నారు తప్ప నోట పెట్టలేదు. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? రామములగ అనీ, తక్కాళి అనీ పేర్లు పెట్టి, మడి వంటలకి పనికిరాదని చాన్నాళ్ళు దూరంగానే ఉంచారు. ఇటలీలో టమాటాతో వంటకం అచ్చయింది 1692లో. నేపుల్స్‌లో అంతోనియో లతీనీ అనే ఆయన వేసిన వంట పుస్తకంలో.

టమాటాని మొట్టమొదట దగ్గరికి తీసింది పేదవాళ్ళే. నేపుల్స్ అప్పటికి యూరపులోని పెద్ద పట్టణాల్లో ఒకటి. ఇరుకు సందులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారం. వాళ్ళలో కూలీనాలీ చేసుకునేవాళ్ళని లజ్జరోనీలు అనేవారు. పొయ్యి పెట్టుకోవడానికి చోటు లేదు, పొయ్యి ఉంటే కట్టెలు లేవు. అంచేత తిండి వీధిలోనే. పిండి ముద్దని పలచగా తట్టి, పైన ఇంత పంది కొవ్వో నూనో రాసి, వెల్లుల్లో, ఉప్పుచేపో, చవకగా దొరికే టమాటాయో వేసి బట్టీలో కాల్చి ముక్కలుగా కోసి అమ్మేవాళ్ళు. చేత్తో పట్టుకుని నడుస్తూ తినవచ్చు. కంచం అక్కర్లేదు, చెంబు అక్కర్లేదు, కూచోడానికి పీట అక్కర్లేదు.

ఫ్రెంచి నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా 1835లో నేపుల్స్ వెళ్ళాడు. తర్వాత రాసిన యాత్రా గ్రంథంలో ఈ లజ్జరోనీలు చలికాలమంతా పిజ్జా, వేసవి అంతా పుచ్చకాయ తిని బతుకుతారని రాశాడు. చేపలు బాగా పడితే చేపల పిజ్జా చవక, పడకపోతే ఖరీదు. కాబట్టి బజారు ధరలు తెలుసుకోవాలంటే పిజ్జా ధర చూస్తే చాలునన్నాడు. మంచి మాట. ఆయనకి ఒక్కచోట మాత్రం పప్పులో కాలు పడింది. అక్కడ 'ఎనిమిదికి పిజ్జా' అనే మాట విని, ఎనిమిది రోజుల నాటి చద్ది పిజ్జా కాబోలు, అందుకే చవక అనుకున్నాడు. అసలర్థం అది కాదు. ఇవాళ తిను, ఎనిమిది రోజులకి డబ్బులియ్యి అని. అప్పు ఖాతా! కిరాణా కొట్లో పద్దు పుస్తకం పెట్టుకుని నెల గడిపిన ఇల్లాలెవరైనా ఆ మాట వినగానే గ్రహించేది. నవలలు రాసే పెద్దమనిషికి అందలేదు.

తినేవాళ్ళు పేదలైతే తిండికి గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది? టెలిగ్రాఫు కనిపెట్టిన శామ్యూల్ మోర్స్ 1831 ప్రాంతాల్లో ఇటలీ చూసి, పిజ్జాని మురుగులోంచి తీసిన రొట్టెతో పోల్చాడు. ఆయన పరదేశి, పోనీండి. పినోకియో కథ రాసిన కార్లో కొల్లోడి ఇటలీవాడే. ఉత్తరాది ఫ్లోరెన్సు మనిషి. 1886లో పిల్లల కోసం రాసిన పుస్తకంలో, నల్లగా మాడిన రొట్టె, తెల్లటి వెల్లుల్లి, ఎర్రటి టమాటా కలిసిన ఆ జిడ్డు అతుకుల బొంత, అమ్మేవాడి మురికికి సరిగ్గా జోడీ అన్న ధోరణిలో తీసిపారేశాడు. ఒక దేశంలోనే ఒక ప్రాంతం తిండిని ఇంకో ప్రాంతంవాళ్ళు ఎంత తేలిగ్గా చీదరించుకుంటారో చెప్పడానికి మనకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పిజ్జా గురించి కడుపు మంటతో, కడుపు తీపితో కూడా రాసింది ఒక ఆడమనిషి. ఆమె పేరు మటిల్డే సెరావో. పత్రికా రచయిత్రి. తర్వాతి రోజుల్లో, 1892లో, భర్తతో కలిసి నేపుల్స్‌లో 'ఇల్ మత్తీనో' అనే దినపత్రిక పెట్టింది. 1884లో నేపుల్స్‌ని కలరా ఊడ్చిపెట్టినప్పుడు, ఆ ఊరి పేదల బతుకు మీద వరసగా వ్యాసాలు రాసి పుస్తకం వేసింది. అందులో పిజ్జా ముచ్చట ఉంది. ఒక చిన్న నాణేనికి ఒక ముక్క. బడికి పోయే పిల్లవాడికీ, పనికి పోయే కూలీకీ అదే ఫలహారం. వీధి మొగలో బల్ల మీద పెట్టిన ముక్కలు చలికి గడ్డకట్టి, ఎండకి పసుపెక్కి, ఈగలు ముసురుతూ సాయంత్రం దాకా అలానే ఉంటాయని రాసింది. చూడండి, మోర్స్‌కి కనిపించిన మురికే ఆమెకీ కనిపించింది. కానీ అతను రొట్టెని చూసి ముక్కు మూసుకున్నాడు. ఆమె ఆ రొట్టె కొనుక్కునే మనిషిని చూసింది.

ఆమె చెప్పిన మరో సంగతి చరిత్రకి చాలా ముఖ్యం. నేపుల్స్ వ్యాపారి ఒకడు రోముకి పోయి పిజ్జా దుకాణం తెరిచాడట. మొదట్లో జనం విరగబడ్డారు. కొద్ది రోజులకే పలచబడ్డారు. దుకాణం మూతపడింది. సొంత గాలీ సొంత నీళ్ళూ వదిలేసరికి పిజ్జా అపశ్రుతిలా వినిపించిందని ఆమె అభిప్రాయం. నూట యాభై మైళ్ళ దూరంలోని రోములోనే ఇమడనిది తర్వాత సముద్రాలు దాటి ఇన్ని దేశాల్లో ఎలా ఇమిడింది? దానికి సమాధానం, వెళ్ళిన ప్రతిచోటా అది మారడమే.

ఇక రాణిగారి కథకి వద్దాం. అందరూ చెప్పుకునేది ఇది: 1889లో ఇటలీ రాణి మార్గెరీటా నేపుల్స్ వచ్చింది. రోజూ ఫ్రెంచి వంటలు తిని మొహం మొత్తింది. రఫాయెలే ఎస్పొసిటో అనే పిజ్జా వంటవాణ్ణి పిలిపించారు. అతను మూడు రకాలు చేశాడు. ఎర్రటి టమాటా, తెల్లటి మొజరెల్లా చీజు, పచ్చటి తులసి జాతి ఆకు, అంటే మన సబ్జా గింజలు వచ్చే మొక్క ఆకే, ఈ మూడూ వేసి జాతీయ జెండా రంగుల్లో చేసింది రాణిగారికి నచ్చింది. దానికి ఆవిడ పేరే పెట్టాడు. అదే మార్గెరీటా పిజ్జా. ఆ దుకాణంలో 1889 జూన్ 11 తేదీతో రాజభవనం ఉద్యోగి రాసిన ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది.

కథ బాగుంది. బాగుంది కనకనే కొంచెం నిదానంగా చూడాలి. ఉత్తరంలో మూడు రకాలూ బాగున్నాయని ఉంది తప్ప, ఫలానాదానికి రాణిగారి పేరు పెట్టుకోమని గాని, జెండా మాట గాని లేదు. ఆ ఉత్తరంలోని చేవ్రాతా ముద్రా సరిపోలడం లేదని 2014లో ఒక చరిత్రకారుడు గట్టిగా వాదించాడు. పైగా ఇంకో చిక్కు. రాణిగారు రావడానికి ముప్ఫై ఏళ్ళ ముందే, 1850లలో అచ్చయిన నేపుల్స్ ఆచారాల పుస్తకంలో పిజ్జా మీద ఈ ఆకులూ, పలచని మొజరెల్లా ముక్కలూ, టమాటాలూ వేస్తారని ఉంది. అంటే పదార్థం వీధిది, పేరు మాత్రం కోటది. ఆ దుకాణానికి ఇప్పుడున్న 'బ్రాందీ' అనే పేరు (మీరనుకునే బ్రాందీ కాదు సుమండీ!) ఎస్పొసిటో భార్య పుట్టింటి ఇంటిపేరు. ఆవిడ పేరుతో మాత్రం ఒక్క పిజ్జా కూడా లేదు.

సరే, పేర్ల తగువు పక్కన పెట్టి రుచుల్లోకి పోదాం. నేపుల్స్ పిజ్జా పద్ధతి చెబితే మీకు వెంటనే పుల్కా గుర్తొస్తుంది. కట్టెల బట్టీ. లోపల వేడి 430 నుంచి 480 డిగ్రీల సెంటీగ్రేడు. పిజ్జా లోపల ఉండేది నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అంచు బుస్సున పొంగి అక్కడక్కడ నల్ల మచ్చలు పడుతుంది. నడుమ మెత్తగా, తడిగా ఉంటుంది. అప్పడాల కర్ర తగలకూడదు, చేత్తోనే సాగదీయాలి. 2010లో యూరోపియన్ యూనియన్ దీనికి నిబంధనలు కూడా రాసింది: అడ్డంగా 35 సెంటీమీటర్లు మించరాదు, అంచు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండాలి, ఇలా. 2017లో యునెస్కో ఈ వంటవాళ్ళ పనితనాన్ని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది. ముక్కు మూసుకున్న మోర్స్ గారు ఇది చూడాల్సింది!

నేపుల్స్‌లోనే మార్గెరీటా కంటే పాత పిజ్జా మరొకటుంది. పేరు మరినారా. చీజు ఉండదు. టమాటా, వెల్లుల్లి, వాము ఛాయ తగిలే ఓరెగానో, ఆలివ్ నూనె, అంతే. సముద్రం మీదికి పోయేవాళ్ళ తిండి గనక ఆ పేరు. దీని గురించి తర్వాత చెబుతాను.

ఇంకా చవకది వేయించిన పిజ్జా. రెండో ప్రపంచ యుద్ధంలో నేపుల్స్ మీద బాంబులు పడ్డాయి. తర్వాత కట్టెలు ప్రియం, చీజు ప్రియం. అప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు తమ ఒంటిగది ఇళ్ళ గుమ్మాల్లోనే నూనె మూకుడు పెట్టి, పిండిని పూరీలా వేయించి అమ్మారు. భర్త పిండి తట్టడం, భార్య వేయించడం, అప్పు మాత్రం మళ్ళీ ఎనిమిది రోజులకే. 1954లో వచ్చిన 'నేపుల్స్ బంగారం' అనే సినిమాలో సోఫియా లోరెన్ వేసింది ఇలాంటి పిజ్జాల అమ్మాయి వేషమే. ఆవిడ ఉంగరం ఇంకెక్కడో మరిచి వస్తుంది. మొగుడేమో పిండిలో పడిపోయిందనుకుని, పొద్దున్నుంచి పిజ్జా తిన్నవాళ్ళందరి వెంటా పడతాడు. నవ్వు తెప్పించే కథే, కాని ఆ సినిమా చూస్తే యుద్ధం తర్వాత ఒక ఊరు ఏం తిని నిలబడిందో కళ్ళకి కడుతుంది.

రోము పద్ధతి వేరు. అక్కడి గుండ్రటి పిజ్జాని అప్పడాల కర్రతోనే ఒత్తుతారు. పలచగా, కరకరలాడుతూ ఉంటుంది. నేపుల్స్ వాళ్ళు దాన్ని బిస్కత్తు అని వెక్కిరిస్తారు, రోమువాళ్ళు నేపుల్స్ దాన్ని పచ్చిపిండి అంటారు. పెసరట్టు పలచగా పొయ్యాలా మందంగా పొయ్యాలా అని తోడికోడళ్ళు వాదించుకున్నట్టే. రోములోనే ఇంకో రకం పెద్ద పెద్ద పళ్ళేల్లో దీర్ఘచతురస్రంగా కాల్చి, కావలసినంత కత్తెరతో కత్తిరించి, తూకం వేసి అమ్ముతారు. బట్టల కొట్లో గుడ్డ చింపినట్టు! ఇక సిసిలీలో, పలెర్మో పట్టణంలో, స్ఫిన్చోనే అని దిబ్బరొట్టెలా మందంగా స్పంజిలా ఉండేది. పైన ఉల్లిపాయ, నెత్తళ్ళు, చీజు, రొట్టె పొడి. మూడు చక్రాల బండి మీద మైకు పెట్టి అరుచుకుంటూ వీధుల్లో అమ్ముతారు.

ఈ దక్షిణాది పేదలే పందొమ్మిదో శతాబ్దం చివర లక్షల కొద్దీ ఓడలెక్కి అమెరికా వెళ్ళారు. మూటాముల్లెతో పాటు పిజ్జా కూడా వెళ్ళింది. న్యూయార్కులో జెన్నారో లొంబార్డి దుకాణం 1905 నాటిదనీ, అమెరికాలో అదే మొదటి పిజ్జా దుకాణమనీ పేరు. అక్కడ కట్టెలకి బదులు రాక్షసిబొగ్గు బట్టీలు. తర్వాత గ్యాసు బట్టీలు వచ్చాయి. వేడి తగ్గింది, కాలే సమయం పెరిగింది, పిజ్జా వెడల్పయింది. ఆఫీసు నుంచి పరుగున వచ్చేవాడు ఒక్క ముక్క కొనుక్కుని, నిలువునా మడిచి, నడుస్తూ తినే పద్ధతి స్థిరపడింది. లజ్జరోనీల పద్ధతే, ఊరు మారిందంతే. 1960ల నుంచి అక్కడ పిజ్జా ముక్క ధరా, భూగర్భ రైలు టిక్కెట్టు ధరా జంటగా పెరుగుతూ వచ్చాయని 1980లో ఒకాయన గమనించి న్యూయార్క్ టైమ్స్‌కి రాశాడు. పిజ్జాని చూసి బజారు ధరలు చెప్పవచ్చన్న డ్యూమా మాట నూట నలభై ఏళ్ళ తర్వాత కూడా నిజమైందన్నమాట. 2014లో ఆ ఊరి మేయరు కత్తీ ఫోర్కూ పట్టి పిజ్జా తిన్నాడని పత్రికలన్నీ గోల చేశాయి. ఇటలీలో అలానే తింటారని పాపం ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది.

న్యూయార్కుకి దగ్గర్లోనే న్యూహేవెన్ అనే ఊరు. అక్కడ 1925లో ఫ్రాంక్ పేపే దుకాణం పెట్టాడు. ఆ ఊళ్ళో పిజ్జా అనరు, నేపుల్స్ యాసలో 'అబీట్స్' అంటారు. అంచు మాడినట్టుండాలి, చీజు కావాలంటే విడిగా అడగాలి. పేపేకి చదువు లేదు. భార్య ఫిలోమెనా తనంతట తాను ఇంగ్లీషు నేర్చుకుని దుకాణం వ్యవహారమంతా నెట్టుకొచ్చింది. సముద్రపు గుల్లల మాంసం, వెల్లుల్లి వేసిన వాళ్ళ తెల్ల పిజ్జాకి దేశమంతా పేరుంది. చేపా మాంసం తినని దాన్ని గనక దాని రుచి మీద నేను తీర్పు చెప్పను.

షికాగోలో 1943లో ఊనో అనే దుకాణం వచ్చింది. ఇక్కడ పిజ్జా అంటే లోతైన గిన్నె. పిండిని గిన్నె గోడల దాకా లేపి, అడుగున చీజు, మధ్యలో కూరలో మాంసమో, అన్నిటికంటే పైన టమాటా. అదేం వరస అంటారా? ముప్పావుగంట దాకా కాలాలి. చీజు పైన ఉంటే మాడి మసయిపోతుంది, అందుకని. దీన్ని కనిపెట్టింది నేనంటే నేనని వాటాదారుల మధ్య, వాళ్ళ వారసుల మధ్య తగువు ఇంకా తీరలేదు. కాని ఆ పిండి సాగేలా, విరగకుండా కుదిరేలా పాకం తెలిసిన మనిషి ఆలిస్ మే రెడ్మండ్ అనే నల్లజాతి వనిత. ఊనోలో ఏళ్ళ తరబడి వండి, తర్వాత 1966లో తెరిచిన జీనోస్ ఈస్ట్ వంటింటికి మారింది. దుకాణాల పేర్లు అందరికీ తెలుసు. ఆవిడ పేరు తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళోనే తక్కువ. ఇంకో విశేషం, షికాగోవాళ్ళు రోజువారీ తినేది ఈ లోతు పిజ్జా కాదు. అప్పడంలా పలచగా చేసి, చదరపు ముక్కలుగా కోసినది. లోతుది చుట్టాలొస్తేనే.

డెట్రాయిట్ కార్ల ఊరు. అక్కడ 1946లో బడ్డీస్ అనే చోట గస్ గెర్రా పిజ్జా మొదలెట్టాడు. పాకం భార్య వైపువాళ్ళ సిసిలీ పాకమని చెబుతారు. పళ్ళెం ఎక్కడిది? కార్ల కార్ఖానాల్లో మరలూ మేకులూ వేసుకునే బరువైన ఉక్కు ట్రే! చీజుని అంచు దాకా పరిచి కాలిస్తే, ట్రే గోడకి అంటిన చీజు మాడి, కరకరలాడే అంచు తయారవుతుంది. దిబ్బరొట్టె మూకుట్లో అడుగంటిన ఎర్రటి పెచ్చు కోసం పిల్లలు కొట్టుకుంటారు చూడండి, సరిగ్గా ఆ రుచి.

దక్షిణ అమెరికాలో అర్జెంటీనాకి వెళ్ళినవాళ్ళలో జెనోవావాళ్ళు ఎక్కువ. అందుకని బ్యూనస్ ఎయిర్స్ పిజ్జా మందం, ఉల్లిపాయా చీజూ దండి. అక్కడ ఒక వింత: పిజ్జా ముక్క మీద 'ఫైనా' అనే అట్టు ముక్క పెట్టుకుని, రెండూ కలిపి కొరుకుతారు. ఆ ఫైనా దేంతో చేస్తారనుకున్నారు? శనగపిండితో! నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె, మిరియాల పొడి, అంతే. మనం ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి పోసుకునే శనగపిండి అట్టుకి పెత్తల్లి కూతురన్నమాట. ఎక్కడి బ్యూనస్ ఎయిర్స్, ఎక్కడి మన పెనం!

పైనాపిల్ వేసిన హవాయి పిజ్జా మాట ఎత్తకపోతే పిల్లలు ఒప్పుకోరు. దానికీ హవాయికీ సంబంధం లేదు. 1962లో కెనడాలో చాతమ్ అనే ఊళ్ళో, గ్రీసు నుంచి వలస వచ్చిన శామ్ పనోపులోస్ డబ్బా పైనాపిల్ ముక్కలు సరదాగా వేసి చూశాడు. 2017లో ఐస్‌లాండు అధ్యక్షుడు, తనకి అధికారముంటే దాన్ని నిషేధిస్తానని బడిపిల్లల దగ్గర హాస్యమాడితే ప్రపంచమంతా రెండు పార్టీలైపోయింది. పులిహోరలో బెల్లం వెయ్యాలా వద్దా అని పోట్లాడుకునే మనకి ఇది విడ్డూరమేమీ కాదు.

"ఇంతకీ నీకేది ఇష్టం?" అని మీరడగకముందే చెబుతాను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉన్న పుణ్యమాని కొన్ని రుచి చూడగలిగాను. న్యూయార్కు ముక్క ఆకలికి మంచిది. షికాగో గిన్నె పిజ్జా ఒక్క ముక్కతో పూట గడిచిపోతుంది, రెండో ముక్క నావల్ల కాలేదు. డెట్రాయిట్ అంచు మాత్రం ఎదుటివాళ్ళ పళ్ళెంలోంచి కూడా తీసుకోవాలనిపిస్తుంది. కాని అన్నిటికంటే నాకు నచ్చింది చీజు లేని మరినారా. చీజు కంబళిలాంటిది, కింద ఏమున్నా కప్పేస్తుంది. మరినారాలో ఆ దాపరికం లేదు. పిండి సరిగా పులవకపోతే తెలిసిపోతుంది, టమాటా నీరసంగా ఉంటే తెలిసిపోతుంది, వెల్లుల్లి మాడితే తెలిసిపోతుంది. మన చారులాగే. చారు పెట్టడం చేతనైన ఇల్లాలికి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఒక్క మాట. మన ఇళ్ళలో ఉండే ఓవెన్లు 250 డిగ్రీలు దాటవు. అంచేత నేపుల్స్ పద్ధతి పట్టుకుని, నిమిషంలో పొంగలేదని బెంగపడకండి, పొంగదు. డెట్రాయిట్ పద్ధతో, రోము పళ్ళెం పద్ధతో పట్టుకోండి. పిండిని కాస్త జారుగా కలిపి, ఈస్ట్ తక్కువ వేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో పులవనివ్వండి. బరువైన పళ్ళేనికి నూనె బాగా రాసి పరిచి, అడుగు ఎర్రబడేదాకా కాల్చండి. తోడుగా ఒక శనగపిండి అట్టు పోసుకుంటే బ్యూనస్ ఎయిర్స్ వాళ్ళు కూడా కాదనరు.

ఇన్ని రకాల్లో అసలైన పిజ్జా ఏది అని పోటీలు పెడుతుంటారు. నా మట్టుకు ఆ ప్రశ్నే అర్థం లేనిదనిపిస్తుంది. ఎక్కడ కట్టెలుంటే అక్కడ కట్టెల మీద, బొగ్గుంటే బొగ్గు మీద, ఏమీ లేకపోతే గుమ్మంలో నూనె మూకుట్లో, ఆఖరికి కార్ఖానా ట్రేలో. ఉన్నదాంతో నలుగురి కడుపూ నింపడం ఒక్కటే అన్ని రకాలకీ ఉమ్మడి సూత్రం. ఆ పని చేసిన చేతుల్లో సగానికి పైగా ఆడవాళ్ళవే అయి ఉండాలని నా నమ్మకం. పేరు మాత్రం ఒక్కపూట రుచి చూసిన రాణిగారికి దక్కింది. ఆవిడ మీద నాకేం కోపం లేదు. తిని బాగుందని ఉత్తరం రాయించింది పాపం. మన ఇళ్ళలో అంతమాత్రం చెప్పేవాళ్ళెందరు?

ఈసారి అట్టపెట్టె మీద మార్గెరీటా అనే పేరు కనిపిస్తే, రాణిగారితో పాటు ఫిలోమెనానీ, ఆలిస్ మేనీ, నూనె మూకుడు ముందు కూచున్న ఆ పేరు లేని నేపుల్స్ ఇల్లాళ్ళనీ కూడా ఒక్కసారి తలుచుకోండి. పిల్లలకి ముక్కలు పంచి, ఆఖరున అంచు ముక్క తినేది మీరే కదా. ఆ అంచు నమిలేటప్పుడు తలుచుకోవచ్చు. అదీ బాగానే ఉంటుంది.